బొట్టు కింద తెల్లమచ్చ



తిరుచానూరులో అమ్మవారికి కుంకుమార్చన చేయించి, ప్రసాదం కుంకుమ పొట్లం కొంగున ముడివేసుకుని ఇంటికొస్తాం. ఆ కుంకుమ భరిణెలోకి వెళ్తుంది. నుదుట మాత్రం మనలో చాలామందికి స్టిక్కరే! తప్పు పట్టడం లేదు సుమా. చెమటకు కారదు, అద్దానికి అంటించి మళ్ళీ పెట్టుకోవచ్చు. అయితే ఈ మార్పు వెనక ఒక కథ ఉంది.

వెనక మా చిత్తూరు, తిరుపతి వైపు కుంకుమ ఇంట్లోనే చేసుకునేవాళ్ళు. పసుపుకొమ్ములను నిమ్మరసంలో వెలిగారం, పటిక కలిపి నానబెట్టి, ఎండబెట్టి, దంచి జల్లించేవాళ్ళు. నుదుట కాస్త మైనం రాసి, దానిమీద అద్దుకునేవాళ్ళు. పసిపిల్లలకు సగ్గుబియ్యం మాడ్చి చేసిన చాదు. తర్వాత సీసాల్లో తిలకం వచ్చింది, ఆ తర్వాత స్టిక్కరు.

అలాగని అంగట్లో దొరికే ఎర్రపొడి అంతా పసుపే అనుకునేరు! రసాయన రంగులు కలిపిన కుంకుమతో నుదురు నల్లబడటం వైద్యులకు తెలిసిన సంగతే. కొన్ని సింధూరాల్లో సీసం కూడా ఉంటుంది.

స్టిక్కరుతో వచ్చే చిక్కు వేరు. నలుపు కాదు, తెలుపు. 1990లో అలహాబాదు వైద్యులు బజాజ్, గుప్తా, ఛటర్జీ దీని గుట్టు పత్రికలో ప్రకటించారు. జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే పదార్థం కలవకుండా మిగిలిపోయి, చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీస్తోందని చెప్పారు. మిగిలిపోయిన ఆ కాస్తే కొంప ముంచుతోందన్నమాట.

ఆక్రిలేట్ల సంగతీ ఇంతే. గోడమీద ఆరిన సున్నం ఎవరినీ ఏమీ చేయదు, అప్పుడే తడిపిన సున్నం చెయ్యి కాలుస్తుంది. పూర్తిగా గట్టిపడిన ఆక్రిలేటు నెమ్మదైనదే. గట్టిపడకుండా మిగిలిన ద్రవం చర్మంలోకి దిగి ఎలర్జీ తెస్తుంది. అమెరికాలో 1970ల మొదట్లోనే మిథైల్ మెథాక్రిలేట్‌తో పెట్టిన గోళ్ళవల్ల ఆడవాళ్ళ గోళ్ళు దెబ్బతిని, వేళ్ళు పుండ్లయితే ప్రభుత్వం కోర్టుదాకా వెళ్ళింది. జెల్ గోళ్ళలో వాడే హెమా అనే ఆక్రిలేటు జాతి పదార్థాన్ని శిక్షణ ఉన్నవాళ్ళే వాడాలని 2020లో యూరప్ చట్టం చేసింది. ఇప్పుడు మన పెళ్ళికూతుళ్ళకూ ఆ జెల్ గోళ్ళే ముచ్చట! ఇంట్లో పెట్టుకునే సెట్లు కొని, చిన్న దీపం కింద సరిగా ఆరకుండానే చాలనుకుంటే, ఆ ద్రవం గోటి చుట్టూ చర్మానికి అంటుతుంది.

ఒకసారి పట్టుకున్న ఈ ఎలర్జీ జీవితాంతం ఉండిపోవచ్చు. పంటికి సిమెంటు పెట్టించినా, షుగరు చూసే సెన్సరు చేతికి అంటించినా మళ్ళీ లేవచ్చు. అలాంటి సెన్సరు జిగురులోని ఐసోబోర్నిల్ ఆక్రిలేటుతో దద్దుర్లు వచ్చాయని 2017లో యూరప్ వైద్యులు రాశారు.

ఇక తెల్లమచ్చ కనపడగానే మనవాళ్ళు ఏమంటారో మీకు తెలుసు. బొల్లి అంటారు, పెళ్ళి సంబంధం ఆగిపోతుంది, ఆ పిల్ల ఏడుస్తూ మచ్చను దాచడానికి ఇంకాస్త పెద్ద స్టిక్కరు పెడుతుంది. మచ్చకు కారణమే దానికి మూత అయింది, చూశారా! స్టిక్కరు మానేస్తే కొందరికి రంగు తిరిగొస్తుంది, కొందరికి రాదు. అందుకే బొట్టు కింద దురదగాని, రంగు పాలిపోవడంగాని కనిపిస్తే ఆరోజే తీసేయండి. రుయా ఆస్పత్రిలోగాని, మీ దగ్గరి చర్మవైద్యుడికిగాని చూపించండి. వెళ్ళేటప్పుడు మీరు వాడే స్టిక్కర్ల అట్టను పారేయకుండా వెంట తీసుకెళ్ళండి. వీపుమీద పట్టీ వేసి పరీక్ష చేయడానికి ఆ అట్ట అవసరమవుతుంది.