వెరా వెనక్కి తీసుకోని సంతకం



ఆటగాళ్ల గురించి రాసేటప్పుడు మనం పతకాల లెక్కతో మొదలుపెట్టి ఆ లెక్కతోనే ఆపేస్తాం. జైపాల్ సింగ్ ముండా విషయంలో మాత్రం అలా ఆపలేం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆయన హాకీ జట్టు కెప్టెన్. కానీ మనం ఆయన్ని తలుచుకునేది రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున నిలబడి మాట్లాడినందుకు. ఆటతో వచ్చిన పేరును ఆట బయట కూడా నిలబెట్టిన ఇంకొక మనిషి గురించి ఈసారి రాస్తున్నాం. ఆమె జిమ్నాస్ట్, దేశం చెకోస్లోవేకియా, పేరు వెరా చాస్లావ్‌స్కా.

వెరా 1942 మే 3న ప్రేగ్ నగరంలో పుట్టింది. చిన్నప్పుడు ఐస్ స్కేటింగ్ నేర్చుకుని, తర్వాత జిమ్నాస్టిక్స్‌కు వచ్చింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో జట్టుతో కలిసి వెండి పతకం గెలిచింది. 1964 టోక్యోలో వాల్ట్, బీమ్ రెండింట్లో బంగారం, ఆ పైన ఆల్‌రౌండ్‌లో కూడా బంగారం. ఆల్‌రౌండ్ అంటే వాల్ట్, బార్స్, బీమ్, ఫ్లోర్ నాలుగూ కలిపి చూసి ఇచ్చే పతకం. 1968 మెక్సికోలో ఇంకో నాలుగు బంగారాలు. మొత్తం 7 బంగారు, 4 వెండి పతకాలు. ఆ ఏడు బంగారాలూ జట్టువి కావు, ఒక్కదానిగా గెలిచినవే.

అసలు కథ 1968లోనే ఉంది. ఆ ఏడాది జనవరిలో దుబ్‌చెక్ అక్కడి కమ్యూనిస్టు పార్టీ నాయకుడయ్యాడు. పత్రికల మీద ఆంక్షలు సడలించాడు, జనం నోరు విప్పడం మొదలైంది. ఆ రోజులనే ప్రేగ్ వసంతం అంటారు. మార్పులు మధ్యలో ఆగిపోతాయేమో అన్న భయంతో వాత్సులిక్ అనే రచయిత ఒక ప్రకటన రాశాడు. పేరు 'రెండు వేల మాటలు'. జూన్ 27న పత్రికల్లో వచ్చింది. రచయితలు, శాస్త్రవేత్తలు, కళాకారులు, ఆటగాళ్లు సంతకాలు పెట్టారు. వాళ్లలో వెరా కూడా ఉంది. ఒలింపిక్స్‌కు ఇంకా నాలుగు నెలలు కూడా లేవు.

ఆగస్టు 20 రాత్రి సోవియట్ సేనలు, వాటితో పాటు మిత్ర దేశాల సేనలు ట్యాంకులతో దేశంలోకి వచ్చేశాయి. వెరా అప్పుడు మొరావియా ప్రాంతంలో ట్రైనింగ్ క్యాంపులో ఉంది. అరెస్టు చేస్తారన్న భయంతో ఆమెను జెసెనికి కొండల్లో దాచిపెట్టారు. అక్కడ బార్స్ లేవు, బీమ్ లేదు. చెట్టు కొమ్మలకు వేలాడింది, బంగాళదుంపల బస్తాలు మోసింది. అరచేతుల చర్మం మెత్తబడకుండా పారతో బొగ్గు ఎత్తింది. సుమారు మూడు వారాల తర్వాతే మెక్సికో వెళ్లడానికి అనుమతి వచ్చింది.

ఈ కొమ్మలూ బస్తాల కథను చాలామంది ఇష్టంగా చెబుతారు. మేం మాత్రం ఇక్కడ కొంచెం ఆగాలనుకుంటున్నాం. పట్టుదల ఉంటే చాలు, వసతులు లేకపోయినా పర్వాలేదు అని మన పిల్లలకు చెప్పడానికి ఇలాంటి కథలే వాడతారు. కానీ వెరా అడవిలో ఉన్నది వారాలే. దాని వెనక ఏళ్ల తరబడి హాళ్లు, పరికరాలు, కోచ్‌లు ఉన్నారు. వచ్చిన ఒడుపు పోకుండా కాపాడుకోవడానికి చెట్టు కొమ్మ పనికొచ్చింది. ఆ ఒడుపు నేర్పింది మాత్రం కొమ్మ కాదు. కాబట్టి మన ఆశ్రమ పాఠశాలల్లో గ్రౌండ్ అడగడం, పీఈటీని అడగడం తప్పేమీ కాదు.

మెక్సికోలో అక్టోబర్ 25న ఫైనల్స్ జరిగాయి. బీమ్‌లో బంగారం సోవియట్ అమ్మాయి కుచిన్‌స్కాయాకు వెళ్లింది, వెరాకు వెండి. ఫ్లోర్‌లో వెరా మెక్సికన్ పాట బాణీకి ఆడితే స్టేడియం అంతా ఆమె వైపే. అయినా ఇంకో సోవియట్ అమ్మాయి పెట్రిక్ స్కోరును జడ్జీలు సవరించి పెంచారు. దాంతో బంగారం ఇద్దరికీ పంచాల్సి వచ్చింది. ఆ రెండు సార్లూ సోవియట్ గీతం వినిపిస్తుంటే వెరా తల పక్కకు తిప్పి, కిందకు వంచి నిలబడింది. ఒక్క మాట మాట్లాడలేదు. తొమ్మిది రోజుల ముందు అదే ఒలింపిక్స్‌లో అమెరికా నల్లజాతి పరుగు వీరులు టామీ స్మిత్, జాన్ కార్లోస్ పిడికిళ్లు ఎత్తారు. ఆ ఫోటో మనలో చాలామంది చూసే ఉంటారు. వెరా వంచిన తల గురించి మాత్రం తక్కువమందికి తెలుసు.

ఇంటికి తిరిగొచ్చాక అసలు పరీక్ష మొదలైంది. సంతకం వెనక్కి తీసుకోమన్నారు, ఆమె తీసుకోలేదు. ఆటకు దూరం పెట్టారు, చదువుకు తగ్గ ఉద్యోగం రానివ్వలేదు, ఆత్మకథ అచ్చు కానివ్వలేదు. ఏడు బంగారాలు గెలిచిన మనిషి ఇళ్లు శుభ్రం చేసే పనికి కూడా వెళ్లింది. చాలా ఏళ్ల తర్వాత మెక్సికోలో కోచ్‌గా పని చేయడానికి పంపించారు.

అదే ప్రకటన మీద ఎమిల్ జాటోపెక్ కూడా సంతకం చేశాడు. 1952 హెల్సింకిలో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచిన మహా పరుగు వీరుడు. ఆయన్ని సైన్యం ఉద్యోగం నుంచి తీసేశారు, ఇంటికి దూరంగా కూలి పని చేయాల్సి వచ్చింది. కొన్నేళ్లకు ఆయన వెనక్కి తగ్గాడు. ఆయన్ని పిరికివాడు అనే హక్కు మనకు లేదు. సంతకం పెట్టేటప్పుడు వేలమంది కలిసి పెట్టారు. వెనక్కి తీసుకోమని అడిగేటప్పుడు మాత్రం ఒక్కొక్కరినీ విడిగా పట్టుకున్నారు. ఎంత బలమైన మనిషైనా అక్కడే విరుగుతాడు.

1989 నవంబర్‌లో ఆ పాలన కూలిపోయింది. కొత్త అధ్యక్షుడు హావెల్ వెరాను సలహాదారుగా పెట్టుకున్నాడు. ఆమె దేశ ఒలింపిక్ కమిటీకి అధ్యక్షురాలైంది, 1995లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సభ్యురాలైంది. 2016 ఆగస్టు 30న చనిపోయింది. సంతకం పెట్టిన రోజుకీ ఆ గౌరవం తిరిగొచ్చిన రోజుకీ మధ్య 21 ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లల్లో ఈ పాలన కూలుతుందని ఆమెకు ఎవరూ మాట ఇవ్వలేదు.

ఇదంతా మనకెందుకు అంటే, మా ఇళ్లల్లో వేలిముద్ర కాకుండా సంతకం పెడుతున్న మొదటి తరం మేమే. తాతలు చదవలేని కాగితాల మీద వేలిముద్రలు వేశారు, భూములు పోయాయి. ఇప్పుడు ఊళ్లో గ్రామసభ తీర్మానం కాగితం వచ్చినా, హాస్టల్‌లో మెస్ గురించి అర్జీ రాసినా, చదివేదీ సంతకం పెట్టేదీ మనమే. తర్వాత ఒక్కొక్కరినీ పిలుస్తారు, ఇంటికి ఫోన్ చేస్తామంటారు. అది మనలో చాలామందికి తెలిసిన సంగతే. అందరూ వెరా అంత గట్టిగా ఉండలేరు, ఉండమని అడగడం న్యాయం కూడా కాదు. మనం చేయగలిగింది ఒకటుంది. కాగితం పూర్తిగా చదివాకే సంతకం పెడదాం. ఆ తర్వాత ఎవర్ని ఒంటరిగా పిలిచినా, వాళ్లతో పాటు ఇంకో ఇద్దరం వెళ్దాం.