నేల, బెంచీ, కుర్చీ: ఆదోని, ఎమ్మిగనూరు పాత సినిమా హాళ్ళు

మన బడిలో సుద్దముక్క దొరకని రోజు ఉండేది గానీ, బొగ్గుకడ్డీ దొరకని రోజు ఉండేది కాదు. మా తరగతిలో ఒకడి నాన్న సినిమా హాల్లో ఆపరేటరు. ప్రొజెక్టరులో కాలిపోగా మిగిలిన కార్బన్ ముక్కలను వాడు జేబు నిండా తెచ్చేవాడు. రాగిపూత పూసిన ఆ పెన్సిలంత కడ్డీలతో వరండా బండల మీద లెక్కలు చేశాం, పేర్లు రాశాం, తన్నులూ తిన్నాం. వాడే తెచ్చిన ఫిల్ము ముక్కను మా సైన్సు మాస్టారు లాక్కుని, కొట్టకుండా, ఫిలమెంటు తీసేసిన బల్బులో నీళ్ళు పోసి, కిటికీలోంచి పడే ఎండ ముందు పెట్టి, గోడ మీద తలకిందుల బొమ్మ చూపించారు. కుంభాకార కటకం మాకు ఆ రోజే అర్థమైంది. కాబట్టి బడి చరిత్ర రాసే ఈ సంచికలో సినిమా హాళ్ళకు రెండు పేజీలు ఇవ్వడం తప్పు కాదనుకుంటాను.

హాళ్ళ పేర్లు మీకందరికీ నోటికి వచ్చు. నేను చెప్పదలచుకున్నది వాటి ఆకారం గురించి. ఆ భవనాలు అలాగే ఎందుకు ఉండేవి?

తెలుగువారిలో సినిమాకు దారి వేసిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో యంత్రం వెంటబెట్టుకుని ఊరూరా తిరిగారు. 1914లో మద్రాసులో గెయిటీ హాలు కట్టారు. 1921లో బెజవాడలో మారుతీ సినిమా వచ్చింది. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు తెర మాట్లాడింది. అప్పటికి మన ఆదోని బళ్ళారి జిల్లాలోది. బళ్ళారి అంటే నాటకం. అక్కడి రాఘవాచార్యులు రంగస్థలం మీద పేరు తెచ్చుకుని తర్వాత ‘రైతుబిడ్డ’ (1939) వంటి చిత్రాల్లోనూ నటించారు. పాత హాళ్ళలో చాలాచోట్ల తెర ముందు ఎత్తైన అరుగు కనిపించడానికి కారణం ఇదే. సినిమా ఆడని రోజు అక్కడ నాటకం ఆడాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. జిల్లా మారింది గానీ నాటకాల పిచ్చి మారలేదు.

పక్కా హాలుకు ముందు టెంటు. గుడ్డ గుడారం, మధ్యలో గుంజలు, బయట డబడబలాడే ఆయిల్ ఇంజను. టూరింగ్ టాకీసుకు ఇచ్చేది తాత్కాలిక లైసెన్సు. గడువు తీరితే గుడారం విప్పుకుని పోవాలి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర లాంటి చోట జనం ఎలాగూ వస్తారు కనుక గుడారం అక్కడికే వచ్చేది. ఒక్క ప్రొజెక్టరే ఉంటే రీలు రీలుకూ ఆట ఆగేది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు తిరుగుతుంది. మూడు గంటల సినిమాకు పదహారు రీళ్ళు. పక్కా హాలుకు రెండు ప్రొజెక్టర్లు వచ్చాకే మనకు ‘ఇంటర్వెల్’ ఒక్కటే మిగిలింది.

ఇక పక్కా హాలు. వీధి వైపు ఎత్తైన ముఖం, దాని మీద పెద్ద సిమెంటు అక్షరాలు. వెనక్కి వెళ్ళి చూస్తే జిన్నింగ్ మిల్లు గోడౌనుకూ దానికీ తేడా ఉండేది కాదు: ఇనుప దూలాలు, రేకుల కప్పు, గాలి గవాక్షాలు. ముఖం రాజమహలు, వీపు పత్తి గోడౌను. పక్కన మనిషి పట్టేంత క్యూ సందు, చివర చెయ్యి దూరేంత కన్నం. ఆ కన్నంలో పెట్టిన చెయ్యికి టికెట్టు అంటిందో లేదో తెలియక ముందే వెనకవాళ్ళు భుజాలెక్కేవారు.

హాలు లోపలి రూపం సగం భయం నుంచి పుట్టింది. పాతకాలపు నైట్రేట్ ఫిల్ము నిప్పు తగిలితే ఆరదు. అందుకే 1918 చట్టం నాటి నుంచీ, 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టంలోనూ లైసెన్సు లేనిదే ఆట లేదు. ఆపరేటరు గది విడిగా, మందపు గోడలతో ఉండేది. బొమ్మ బయటికొచ్చే కిటికీకి దించే తలుపు ఉండేది. ఇసుక నింపిన ఎర్ర బకెట్లు, బయటికే తెరుచుకునే తలుపులు ఉండేవి. ఆ బకెట్లలో మనం బుడ్డల పొట్టు వేసేవాళ్ళం. 1997లో ఢిల్లీ ఉపహార్ హాల్లో మంటలు లేచి, బయటికి దారి దొరక్క 59 మంది ప్రాణాలు పోయాక గానీ ఆ బకెట్లకూ తలుపులకూ ఉన్న విలువ నాకు తెలియలేదు.

మిగతా సగం రూపం ఊరి నుంచి వచ్చింది. తెర దగ్గర నాపబండల నేల, తర్వాత బెంచీ, ఆపైన కుర్చీ, మేడ మీద బాల్కనీ. ఆడవాళ్ళకు వేరే టికెట్ల కిటికీ, వేరే వరస. పత్తి అమ్మి గంజిలోంచి నేరుగా వచ్చిన రైతు, మగ్గం గుంతలోంచి లేచి వచ్చిన నేతన్న నేలలో కూర్చుంటే, మండీ షావుకారు వాళ్ళ తలల మీదుగా చూసేవాడు. ఊళ్ళో ఎవరి చోటు ఎక్కడో హాలు అంత కచ్చితంగా చెప్పేది. అయినా ఊరంతా ఒక్క కప్పు కింద ఒక్క వైపుకే తిరిగి కూర్చున్న చోటు కూడా అదే. నేలలో ఈల పడితే బాల్కనీ నవ్వేది.

ఇంకో మాట. మన హాళ్ళు ఒక్క భాషవి కావు. తెలుగుతో పాటు హిందీ, కన్నడ బొమ్మలకూ ఇక్కడ జనం ఉండేవారు. పొరుగునే ఉన్న మంత్రాలయం స్వామి కథను 1966లో రాజ్‌కుమార్ కన్నడంలో ‘మంత్రాలయ మహాత్మె’గా ఆడారు. సినిమా వ్యాపారులు మన ప్రాంతాన్ని ఇప్పటికీ ‘సీడెడ్’ అంటారు. 1800లో నిజాము కంపెనీకి దత్తం చేసిన జిల్లాలని దాని అర్థం. 1928లో నంద్యాలలో మనవాళ్ళు ఆ పేరు వదిలి ‘రాయలసీమ’ అని పెట్టుకున్నారు. వదిలిన పేరు వసూళ్ళ పట్టికలో మాత్రం బతికి ఉంది.

ఆదోనికి బొంబాయి–మద్రాసు రైలు మార్గం ఉంది. ఎమ్మిగనూరుకు రైలు లేదు. సుమారు 30 కిలోమీటర్లు బస్సులోనే పోవాలి. కొత్త బొమ్మ ఆదోనిలో పడ్డాక ఎమ్మిగనూరుకు ఎప్పుడొస్తుందా అని అక్కడి మిత్రులు కాచుకునేవారు. ఆగలేనివాళ్ళు బస్సెక్కి వచ్చి, ఉగ్గాని బజ్జి తిని, మ్యాట్నీ చూసి పోయేవారు. 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన ఊరు అది. మగ్గం పని ముగిశాకే ఆట. అందుకే అక్కడ రెండో ఆటకు కళ ఎక్కువ.

మా అవ్వకు చదువు రాదు. తెర మీద పేర్లు పడుతుంటే నేను చదివి చెప్పాలి. ఒక్క పేరు వదిలినా తొడ మీద గిల్లేది. “బడికి పంపింది ఇందుకేరా” అనేది. నా చుట్టూ నేలలో అలా చదివి చెప్పే పిల్లలు పదిమంది ఉండేవారు. బడిలో నేర్చిన అక్షరం మొదటిసారి ఇంకొకరికి పనికొచ్చింది అక్కడే.

ఇప్పుడు రీళ్ళు లేవు, కార్బన్ లేదు. బొమ్మ డిజిటల్‌గా వస్తోంది. పాత హాళ్ళు కొన్ని కల్యాణమండపాలయ్యాయి, కొన్ని గోడౌన్లయ్యాయి, కొన్ని నేలమట్టమయ్యాయి. కోటకు పురావస్తు శాఖ ఉంది, గుడికి దేవాదాయ శాఖ ఉంది. హాలుకు మనమే ఉన్నాం. మీ ఇంట్లో పాత టికెట్టు ముక్క, కరపత్రం, పాటల పుస్తకం, హాలు ముందు దిగిన ఫోటో ఏదున్నా పారేయకండి. ఏ హాలు, ఏ ఏడు, ఏ బొమ్మ అని వెనక రాసి సంఘానికి ఒక నకలు ఇవ్వండి. బడిలో ఒక బీరువా అర చాలు. ఆపరేటర్లు, గేటు దగ్గర టికెట్లు చింపినవాళ్ళు ఇంకా కొందరు మన మధ్యే ఉన్నారు. ముందు వాళ్ళ దగ్గరికి వెళ్దాం.

నా వంతుగా ఒక బొగ్గుకడ్డీ ముక్క ఇస్తున్నాను. ఇంకా రాస్తుంది.