వడ్లకి ఎండ దొరకనప్పుడు

హరిత విప్లవం అనగానే మనకి గుర్తొచ్చేవి విత్తనాలు, యూరియా, కాలవలు. వడ్లు ఆరబెట్టడం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. కళ్లంలో పోస్తే ఎండకి అవే ఆరతాయి, అందులో చరిత్రేముంది అనిపిస్తుంది కదా? ఉంది. అదీ మనలాంటి ఇంజనీర్లు తెలుసుకోవాల్సిన చరిత్ర.

ముందు చిన్న లెక్క. కోసినప్పుడు గింజలో తేమ 20 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. నెలల తరబడి నిలవుండాలంటే అది 14 దగ్గరికి రావాలి. 24 శాతం తేమ ఉన్న టన్ను వడ్లని 14కి తేవాలంటే సుమారు 116 కిలోల నీళ్ళు బయటికి పంపాలి. ఆలస్యమైతే గింజ వేడెక్కి, రంగు మారి, బూజు పడుతుంది. తడిస్తే మొలకొస్తుంది. పోనీ అని మరీ వేడి గాలి కొట్టారనుకోండి, గింజ లోపల పగుళ్ళొచ్చి మిల్లులో నూకలైపోతుంది.

పాతకాలపు రకాల్లో చాలావాటికి ఈ గొడవ తక్కువ. పగటి నిడివి తగ్గాకే పూత పూసేవి కాబట్టి, కోతల నాటికి వానలు చాలావరకు వెనకబడేవి. 1966లో ఫిలిప్పీన్స్ లోని ఇర్రి సంస్థ ఐఆర్-8 విడుదల చేసింది. దానికి పగటి నిడివితో పెద్దగా పనిలేదు, పంటకాలమూ తక్కువ. ఇలాంటి రకాలతో ఏడాదికి రెండు పంటలు తేలికయ్యాయి. కానీ ఆగ్నేయాసియాలో చాలాచోట్ల ఒక పంట కోత సరిగ్గా వానల్లో పడింది. ఒక మాడ్యూల్ బాగుచేస్తే ఇంకో మాడ్యూల్ విరగడం మనకి కొత్తేం కాదుగా!

దీనికి జవాబుగా 1970లలో లాస్ బానోస్ లోని ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక సాదా యంత్రం చేశారు. ఒక పెట్టె, దానికి చిల్లులున్న అడుగు, కింద నుంచి వేడి గాలి కొట్టే ఫ్యాను, కిరోసిన్ బర్నరు. అంతే. యంత్రం బాగానే పనిచేసింది. కానీ 1973 తర్వాత చమురు ధరలు మండిపోయాయి. పైగా రోడ్డు మీద ఎండబోస్తే ఖర్చు దాదాపు సున్నా. ఏడాదిలో కొన్ని వారాల పని కోసం చిన్న రైతు యంత్రం ఎందుకు కొంటాడు?

అసలు కథ వియత్నాంలో, మెకాంగ్ డెల్టాలో జరిగింది. 1980ల మొదట్లో సోక్ ట్రాంగ్ ప్రాంతంలో ఈ పెట్టె రకం యంత్రాలు మొదలయ్యాయి. అక్కడివాళ్ళు కిరోసిన్ మానేసి ఊక పొయ్యి పెట్టారు. ఎంత చక్కటి ఆలోచనో చూడండి: టన్ను వడ్లు ఆడిస్తే వచ్చే ఊక సుమారు 200 కిలోలు. పొయ్యిలో సగం వేడి వృథా అయినా టన్ను ఆరడానికి 40, 50 కిలోలు చాలు. ఇంధనం గింజతోపాటే వస్తోందన్నమాట.

1986లో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాయి. 1989కల్లా వియత్నాం పెద్ద బియ్యం ఎగుమతిదారు అయింది. నాణ్యతకి ధర రావడంతో, ఊళ్ళో ఒకరు యంత్రం పెట్టి మిగతా రైతుల ధాన్యాన్ని కూలికి ఆరబెట్టడం వ్యాపారమైంది. రైతు యంత్రం కొనక్కర్లేదు, బస్తాలు తెచ్చుకుంటే చాలు.

సొంతంగా కావాలనుకునే చిన్న రైతు కోసం 1990ల మధ్యలో హో చి మిన్ సిటీలో, ఇప్పుడు నాంగ్ లామ్ అని పిలిచే విశ్వవిద్యాలయంలో, ఫాన్ హియూ హియెన్ బృందం ఎస్ఆర్ఆర్ అనే యంత్రం చేసింది. వాళ్ళ భాషలో ఆ మూడక్షరాలకి అర్థం 'చాలా చవగ్గా ఆరబెట్టడం'. ఒకదాన్లో ఒకటి నిలబెట్టిన రెండు వెదురు తడకల గుండ్రాలు, మధ్య సందులో టన్ను వడ్లు, లోపలి గుండ్రం మీద చిన్న కరెంటు ఫ్యాను, ఒక బొగ్గు పొయ్యి. ఖరీదు సుమారు వంద డాలర్లు. రెండు మూడు రోజులు పట్టేది. కానీ గాలి వేడి తక్కువ కాబట్టి గింజ పగిలేది కాదు.

అయితే కథ అక్కడితో ఆగలేదు. తర్వాత కోత యంత్రాలొచ్చి, రోజుల పని గంటల్లో అయిపోయి పచ్చి ధాన్యం ఒక్కసారే గుట్టపడటం మొదలైంది. వ్యాపారులు పొలం గట్టునే తడి వడ్లు కొని, పడవల్లో మిల్లులకి పంపిస్తున్నారు. ఆరబెట్టే పని పెద్ద యంత్రాలతో మిల్లుకి చేరింది, రైతు చేతిలోంచి జారింది.

మరి మన సంగతి? కోస్తాలో ఖరీఫ్ కోతలు నవంబరు, డిసెంబరుల్లో, అంటే తుఫాన్ల కాలంలోనే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన ధాన్యం ఎంత తడిసిందో గుర్తుండే ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. ఆ గీత కోసమే రైతు రోడ్డు మీద పట్టాలు పరిచి, రాత్రిళ్ళు కాపలా పడుకుంటాడు. అంతకన్నా ఆరబెట్టి 14కి తెస్తే? మద్దతు ధరలో రూపాయి కూడా పెరగదు. పైగా నీళ్ళు పోయినంత మేరకు బరువు తగ్గి, చేతికొచ్చే డబ్బు తగ్గుతుంది.

అందుకే 'తక్కువ ధరలో ఒక యంత్రం కనిపెడితే చాలు' అనే మాట నాకు ఎక్కదు. యంత్రం దాదాపు యాభై ఏళ్ళ కిందటే ఉంది. ఆరిన గింజకి ఎక్కువ ధర కట్టిన చోట అది బతికింది, కట్టని చోట తుప్పు పట్టింది. సబ్సిడీ మీద యంత్రాలు పంచేముందు, ఆరిన ప్రతి శాతానికీ రైతుకి ఎంతొస్తుందో ముందు తేల్చాలి.