కొత్త కంప్యూటర్‌లోనూ ఎమ్యులేటర్ నెమ్మదిస్తే...

ఒక యంత్రం కోసం రూపొందించిన గేమ్‌ను మరో యంత్రంపై నడిపించే సాఫ్ట్‌వేర్‌ను ఎమ్యులేటర్ అంటారు. 2000లో విడుదలైన ప్లేస్టేషన్ 2 ప్రధాన ప్రాసెసర్ వేగం సుమారు 295 మెగాహెర్ట్జ్ మాత్రమే. అయినా దాని గేమ్‌లు కొన్ని కొత్త కంప్యూటర్లలోనూ నత్తనడక నడుస్తాయి. పాత యంత్రపు ఆదేశాలను కొత్త ప్రాసెసర్‌కు అర్థమయ్యేలా నిరంతరం అనువదిస్తూ, అందులోని పలు చిప్‌ల పనిని సమన్వయపరచాల్సి రావడమే ఇందుకు కారణం. ఈ పనిని అనేక కోర్‌లకు పంచడం కష్టం. అందువల్ల కోర్‌ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ వేగమే కీలకం.

లోపాన్ని గుర్తించేందుకు ముందుగా ఎమ్యులేటర్‌లో రిజల్యూషన్‌ను గేమ్ అసలు స్థాయికి తగ్గించాలి. వేగం పెరిగితే భారం గ్రాఫిక్స్ చిప్‌పై ఉన్నట్లు. మార్పు లేకపోతే సాధారణంగా ప్రాసెసర్‌పై ఉన్నట్లు.

గ్రాఫిక్స్ సమస్య అయితే డ్రైవర్‌ను అప్‌డేట్ చేయాలి. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లలో శక్తిమంతమైన దానిని విండోస్ సెట్టింగ్స్ ద్వారా ఎమ్యులేటర్‌కు కేటాయించాలి. ప్రాసెసర్ సమస్య అయితే ఛార్జర్ తగిలించి, విద్యుత్ పొదుపు మోడ్‌ను ఆపాలి. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది కనుక గాలి వెళ్లే మార్గాలకు అడ్డు లేకుండా చూడాలి. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్లకైతే బయోస్‌లో వర్చువలైజేషన్‌ను ఆన్ చేయడం ముఖ్యం.

తెరపై సెకనుకు 50 ఫ్రేమ్‌లే కనిపించినా అది లోపం కాకపోవచ్చు. యూరప్‌లో వాడిన పాల్ ప్రమాణపు గేమ్‌ల సహజ వేగం అదే. జపాన్, అమెరికా గేమ్‌లకు అది దాదాపు 60. ఎమ్యులేటర్ 100 శాతం వేగం చూపుతుంటే కొత్త పరికరాలపై ఖర్చు అనవసరం.