సహకార సంఘాలు: ఆవిష్కరణల చరిత్ర

ఒకే అవసరం ఉన్న మనుషులు తలా కొంత సొమ్ము వేసుకుని, తామే యజమానులై, తామే ఖాతాదారులై నడుపుకునే వ్యాపార సంస్థ సహకార సంఘం. కంపెనీలో ఎన్ని వాటాలుంటే అన్ని ఓట్లు. సంఘంలో మనిషికి ఒకటే ఓటు. తెలుగు పల్లెల్లో ‘సొసైటీ’ అనగానే యూరియా బస్తాల కోసం చెప్పులు వరుసలో పెట్టి చెట్టు నీడన కూర్చున్న రైతులు కళ్లముందు మెదులుతారు. అక్కడ కొత్త ఆలోచనలు పుడతాయని ఎవరూ అనుకోరు. చరిత్ర తిరగేస్తే సంగతి వేరు. గేదె పాలపొడి నుంచి సౌరవిద్యుత్తు దాకా సంఘాల చేతిలో రూపు కట్టినవి చాలానే ఉన్నాయి. వాటిలో యంత్రాలు తక్కువ, లెక్క కట్టే పద్ధతులు ఎక్కువ.

తొలి కొట్లు

ఇంగ్లండులోని రోచ్‌డేల్ నేతపనివాళ్ల ఊరు. 1844 డిసెంబరు 21న టోడ్ లేన్ అనే వీధిలో 28 మంది కలిసి చిన్న కొట్టు తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, ఓట్స్, కొవ్వొత్తులు: సరుకంతా ఇంతే. పిండిలో సుద్ద, పటిక కలిపి అమ్మే రోజులవి. కల్తీ లేని సరుకు, సరైన తూకం, నగదు బేరం వాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లు. అసలు కిటుకు మాత్రం లాభం పంచడంలో ఉంది. ఏడాది చివర మిగిలిన సొమ్మును వాటాలను బట్టి కాక, ఎవరెంత సరుకు కొన్నారో దాన్ని బట్టి పంచారు. డబ్బున్నవాడి కంటే ఇంటిల్లిపాదికీ అక్కడే సరుకులు కొనే కూలివాడికి ఎక్కువ అందే లెక్క అది. 1863లో ఉత్తర ఇంగ్లండు కొట్లు కొన్ని కలిసి మాంచెస్టర్ కేంద్రంగా సొంత టోకు సంస్థను పెట్టుకున్నాయి. దాంతో మధ్యలోని టోకు వ్యాపారి అవసరం తగ్గిపోయింది.

జర్మనీలో రైఫైజెన్ అనే ఆయన ఇంకో ముడి విప్పాడు. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని రైతుకు అప్పెవరిస్తారు? 1864లో హెడెస్‌డార్ఫ్‌లో ఆయన పెట్టిన పరపతి సంఘంలో ఒకరి అప్పుకు అందరూ పూచీ. ఊళ్లో ఎవరి సంగతి ఏమిటో ఊరికి తెలుసు కాబట్టి మొండి బాకీలు తక్కువ. ఈ పద్ధతిని చూసి రమ్మని మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని ఐరోపాకు పంపింది. ఆయన తెచ్చిన పెద్ద నివేదిక సారాంశం ఒక్కటే: మన దేశానికీ ఒక రైఫైజెన్ కావాలి. 1904లో పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1912 చట్టంతో పరపతికి బయట కూడా సంఘాలు పెట్టుకునే వీలు కలిగింది. అంతకుముందే, 1895లో లండన్‌లో అంతర్జాతీయ సహకార సమాఖ్య పుట్టింది. సంఘాలు ఒకదానికొకటి తోడు నిలవాలన్న సూత్రం దాని జాబితాలో చేరడానికి మాత్రం 1966 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆనంద్‌లో జరిగింది

గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాలు బొంబాయికి వెళ్లేవి. 1945లో వచ్చిన బొంబాయి పాల పథకం కింద ఆ సరఫరా హక్కు పోల్సన్ అనే ప్రైవేటు డెయిరీకి దక్కింది. ధర దళారులు చెప్పిందే. రైతులు సర్దార్ పటేల్ దగ్గరికి వెళ్లారు. 1946 జనవరిలో సమర్ఖా గ్రామంలో మొరార్జీ దేశాయ్ సమక్షంలో సభ జరిగింది. ఆ తర్వాత 15 రోజులు బొంబాయికి చుక్క పాలు వెళ్లలేదు. అదే ఏడాది డిసెంబరు 14న ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్ నమోదైంది. త్రిభువన్‌దాస్ పటేల్ దానికి అధ్యక్షుడు. మొదట్లో చేతిలో ఉన్నవి రెండు గ్రామ సంఘాలు, రోజుకు సుమారు 250 లీటర్ల పాలు.

కుదురుకున్నాక కొత్త చిక్కు వచ్చింది. చలికాలంలో గేదెలు ఎండాకాలం కంటే రెట్టింపుకు పైగా పాలిస్తాయి. అన్ని పాలు బొంబాయి తీసుకోదు. సంఘం వద్దంటే రైతు మళ్లీ దళారి గుమ్మం తొక్కాలి. దారి ఒకటే, పాలపొడి. అయితే అప్పటికి పొడి చేయడం తెలిసిన దేశాలన్నీ ఆవుపాలవి. కొవ్వు ఎక్కువున్న గేదె పాలను పొడి చేయలేరని విదేశీ నిపుణులు తేల్చేశారు. 1949లో ఖేడా జిల్లాలోని ఆనంద్ పట్టణానికి వచ్చి యూనియన్ డెయిరీని నడిపిన వర్ఘీస్ కురియన్ పక్కన హెచ్.ఎం. దలాయా అనే డెయిరీ ఇంజనీరు ఉన్నాడు. రంగులు వేసే స్ప్రేగన్, గాలిని వేడిచేసే పరికరం తగిలించి గేదె పాలు పొడి అవుతాయని ఆయన చేసి చూపించాడని చెబుతారు. 1955 అక్టోబరు 31న నెహ్రూ ప్రారంభించిన కర్మాగారంలో గేదె పాలపొడి తయారైంది. ఈ చరిత్రలో కొట్టొచ్చినట్టు కనిపించే యంత్రం అదే.

కానీ ఆనంద్ పద్ధతిని నిలబెట్టింది యంత్రం కాదు, పాల కేంద్రం బల్ల. తెల్లవారుజామున క్యాన్లతో వరుస కడతారు. కులం, ఆస్తి అడిగేవారుండరు, ముందొచ్చినవారు ముందు. పోసిన పాలను కొలిచి, చిన్న గొట్టంలో నమూనా తీసి వెన్న శాతం చూస్తారు. నీళ్లు కలిపితే అక్కడే బయటపడుతుంది. శాతాన్ని బట్టి ధర, వెంటనే పాస్‌బుక్‌లో నమోదు. పొద్దున పోసిన పాలకు సాయంత్రం, సాయంత్రం పాలకు మర్నాడు పొద్దున డబ్బు చేతికొచ్చేది. ఒక గేదె ఉన్న ఇంటికీ పది గేదెలున్న ఇంటికీ ఒకటే కొలత.

1964లో లాల్ బహదూర్ శాస్త్రి అజర్‌పురా గ్రామంలో ఒక రాత్రి గడిపి, ఈ పద్ధతి దేశమంతటా రావాలన్నారు. 1965లో జాతీయ డెయిరీ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ అనే పాల అభివృద్ధి పథకంలో కురియన్ వేసిన ఎత్తు చెప్పుకోదగ్గది. ఐరోపాలో పేరుకుపోయిన పాలపొడి, వెన్ననూనె దానంగా వస్తున్నాయి. ఊరికే పంచితే ఇక్కడి రైతు పాలకు ధర పడిపోతుంది. అందుకని వాటితో పాలు చేసి నగరాల్లో మార్కెట్ ధరకు అమ్మారు. వచ్చిన డబ్బుతో గ్రామ సంఘాలు, శీతల కేంద్రాలు కట్టారు. 1973లో గుజరాత్ జిల్లా యూనియన్లు కలిసి అమూల్ పేరుతో అమ్మడానికి ఒకే మార్కెటింగ్ సమాఖ్య పెట్టుకున్నాయి. ఆ రైతులే 1976లో తలా రెండు రూపాయలు వేసుకుని, శ్యామ్ బెనెగల్ దర్శకత్వంలో ‘మంథన్’ సినిమా తీయించారు. సుమారు 5 లక్షల మంది నిర్మాతలున్న సినిమా అది.

తెలుగు నేల

1956లో అప్పటి కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరులో ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో ఒక గ్రామీణ సహకార బ్యాంకు మొదలైంది. అప్పివ్వడంతో ఆగకుండా విత్తనాలు, ధాన్యం మిల్లు, పత్తి జిన్నింగు దాకా అది చేతులు చాచింది. పంట అమ్ముడుపోతేనే కదా అప్పు తీరేది. ఇలాంటివి అరుదుగానే మిగిలాయి. కారణం 1964 నాటి సహకార చట్టం. పాలకవర్గాన్ని రద్దు చేయడానికి, ఎన్నికలు వాయిదా వేయడానికి, అధికారిని కూర్చోబెట్టడానికి అది ప్రభుత్వానికి దారులు తెరిచింది.

1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం చేసింది. ప్రభుత్వ వాటా ధనం తీసుకోని సంఘం మీద ప్రభుత్వ పెత్తనం ఉండదన్నది దాని మూలం. దేశంలో అదే మొదటిది. కర్ణాటక, బీహార్ తర్వాత ఆ దారి పట్టాయి. ఈ చట్టం కిందే ముల్కనూరు చుట్టుపక్కల మహిళలు 2000లో ‘స్వకృషి’ డెయిరీ పెట్టుకున్నారు. అరకు గిరిజన కాఫీ రైతుల సంఘం కూడా ఈ చట్టం చలవే; ఆ కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం వెలిసింది. నాణేనికి రెండో వైపూ ఉంది. విశాఖ, సంగం డెయిరీలు ఈ చట్టంలోకి వచ్చి, ఆపైన ఉత్పత్తిదారుల కంపెనీలుగా మారాయి. సంగం యాజమాన్యంపై వివాదం హైకోర్టు దాకా వెళ్లింది.

పడినప్పుడు పట్టుకునేవాళ్లు

ముల్కనూరు బ్యాంకు పుట్టిన ఏడాదే స్పెయిన్‌లోని మోండ్రాగన్‌లో, ఆరిస్‌మెండియారియెటా అనే మతాచార్యుడి శిష్యులు ఐదుగురు స్టవ్‌ల కర్మాగారం పెట్టారు. కార్మికులే యజమానులు. 1959లో సొంత బ్యాంకు వచ్చింది, క్రమంగా సంఘాల గుంపే తయారైంది. ఆ కర్మాగారం వారసురాలైన ఫాగర్ గృహోపకరణాల సంస్థ 2013లో దివాలా తీసింది. వీధిన పడాల్సిన కార్మికుల్లో చాలామందిని తోటి సంఘాలు పనిలోకి తీసుకున్నాయి. సంఘాలు మునగవని అనుకోవడం భ్రమ. ఇక్కడ తేడా మునిగాక కనిపించింది.

కొత్తదంతా మేలు చేస్తుందనీ కాదు. 1967లో 57 సంఘాలతో మొదలైన ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో 2021లో నానో యూరియా తెచ్చింది. దాని వాడకంతో వరి, గోధుమ దిగుబడి తగ్గిందని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. ఆ చర్చ ఇంకా తెగలేదు.

ఎండను అమ్ముకోవడం

వాతావరణ మార్పు ముందు సంఘాలు ఏం చేయగలవో డెన్మార్క్‌లో తెలిసింది. కోపెన్‌హేగన్ తీరాన మిడెల్‌గ్రుండెన్ దగ్గర సముద్రంలో నిలబెట్టిన 20 గాలిమరల్లో సగం, 8 వేలకు పైగా సభ్యులున్న సంఘానివి.

ఖేడా జిల్లాలోనే ఉన్న ధుండీ గ్రామంలో లెక్క ఇంకాస్త గడుసుది. సౌర పంపు వస్తే కరెంటు బిల్లుండదు. బిల్లు లేకపోతే రైతు మోటారు ఆపడు, బోర్లు ఎండుతాయి. 2016లో ఆరుగురు రైతులు అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ, టాటా ట్రస్టు కార్యక్రమం అండతో సౌరశక్తి సంఘం పెట్టుకున్నారు. తడి పెట్టగా మిగిలిన కరెంటును పంపిణీ సంస్థకు అమ్ముతారు. మోటారు ఆపి ఉంచిన గంటకు డబ్బొస్తుంది కాబట్టి నీరు తోడడానికి చెయ్యి వెనకాడుతుంది. ఆ కరెంటు కొనడానికి పంపిణీ సంస్థ చేసుకున్న ఒప్పందం గడువు 25 ఏళ్లు.