ఎర్రలోయ ఎదగడం ఆగిన కథ

1968 ఫిబ్రవరి 28. పుదుచ్చేరి వైట్ టౌన్‌లోని శ్రీ అరవిందాశ్రమం. మేడ మీది గదిలో ఓ పెద్దావిడ మైకు ముందు కూర్చున్నారు. వారం కిందటే ఆమెకు తొంభై ఏళ్లు నిండాయి. అసలు పేరు మిర్రా అల్ఫాసా. ఆశ్రమంలో అందరికీ శ్రీమాత. తాను స్వయంగా రాసిన నాలుగు అంశాల ప్రకటనను ఫ్రెంచిలో చదవడం మొదలుపెట్టారు. ఆవిడ గది దాటి రాలేదు. ఆ గొంతును ఆకాశవాణి పది కిలోమీటర్ల అవతలి మెట్టకు మోసుకెళ్లింది.

అక్కడ ఓ మర్రిచెట్టు దగ్గర సుమారు అయిదు వేల మంది పోగయ్యారు. 124 దేశాల పేరున, మన రాష్ట్రాల పేరున కుర్రవాళ్లు, అమ్మాయిలు వరసగా ముందుకొచ్చి, తామరమొగ్గ ఆకారంలో ఉన్న పాత్రలో గుప్పెడేసి మట్టి పోశారు. ఆరోవిల్ అనే కొత్త ఊరు పుట్టింది.

ప్రపంచం నలుమూలల నుంచీ మట్టి తెచ్చి పోసిన ఆ నేలలో, అప్పటికి ఉన్న మట్టే నిలవడం లేదు. ఆనాటి ఫొటోలు చూడండి. జనం వెనకాల ఆ ఒంటరి మర్రి, దూరంగా కొన్ని తాటిచెట్లు. మిగతాదంతా బోడి ఎర్రనేల. ఒకప్పుడు అక్కడ అడవి ఉండేది. పుదుచ్చేరి, కాలాపేట కట్టడాలకూ ఓడలకూ ఆ కలప పోయిందని ఆరోవిల్ వాళ్లు చెప్పుకునే చరిత్ర. వైట్ టౌన్‌లో పసుపు గోడల పాత ఇళ్ల ముందు ఫొటోలు దిగేటప్పుడు పైకప్పు దూలాల వంక ఓసారి చూడండి. మెట్టకు కావలి కాయాల్సిన చెట్లు పట్నం చేరితే ఏమవుతుందో తెలియాలంటే ఆరోవిల్ మెట్ట మీది ఎర్రలోయకు వెళ్లాలి.

వేసవి సెలవుల్లో మనవాళ్లు పుదుచ్చేరికి బాగానే వెళ్తున్నారు. గౌబర్ట్ అవెన్యూలో సూర్యోదయం చూసి, అద్దె స్కూటరు మీద తీరం రోడ్డు పట్టుకుంటే బొమ్మయపాళయం, ఆపైన ఆరోవిల్ మెట్ట. కెమెరా ఉన్నవాళ్లు ఈమధ్య ‘కాన్యన్’ అంటూ వెతుక్కునేది అక్కడే. పొద్దున్నే ఏటవాలు వెలుతురులో ఆ గోడల రంగు చూసి తీరాలి. పైన ముదురు ఎరుపు, కిందకు దిగేకొద్దీ నారింజ, మధ్యలో తెల్లటి చారలు. గోడ అంచున చెట్ల వేళ్లు గాలిలో వేలాడుతుంటాయి. కింద వేలెడంత మట్టి స్తంభాలు, ఒక్కోదాని నెత్తిన ఒక్కో గులకరాయి. రాయి కాపాడినంత మేర మట్టి నిలబడింది, చుట్టూ ఉన్నది వాన పట్టుకుపోయింది. అంత అందమూ కోత గీసిన బొమ్మే.

విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకు ఇది తెలిసిన దృశ్యంలాగే ఉంటుంది. కానీ రెండూ ఒకటి కావు. భీమిలి దిబ్బలు సముద్రమూ గాలీ వేల ఏళ్లు పనిచేసి మనకిచ్చిన ఆస్తి, భూవారసత్వ సంపద. వాటిని ఉన్నవి ఉన్నట్టు కాపాడాలి. ఆరోవిల్ లోయను లోతు చేసింది చెట్లు నరికిన మనుషుల చేయి. అదింకా పెరగకుండా ఆపాలి.

ఆ మెట్ట బీడు పడటానికి స్థానికులు చెప్పే కారణం వేరు. పక్కనున్న ఇరుంబై ఊరి శివాలయంలో నాట్యమాడుతున్న వల్లి అనే నర్తకి కాలి అందె జారితే, కడువెళి సిద్ధుడు దాన్ని తీసి ఆమె పాదానికి తొడిగాడట. జనం నవ్వారట. సిద్ధుడు శివుడికి మొరపెట్టుకుంటే లింగం పగిలి, ముక్కలు పడిన చోటల్లా భూమి ఎండిపోయిందట. దూరదేశాల వాళ్లు వచ్చి మళ్లీ పచ్చగా చేస్తారన్నది శాపవిమోచనం.

దూరదేశాల వాళ్లు నిజంగానే వచ్చారు. 1970ల తొలి ఎండాకాలాల్లో ఆ మెట్ట మీద పొద్దు ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు. నెత్తిన కొబ్బరాకు కప్పు, చుట్టూ కనుచూపు మేర నీడ లేదు. ఐరోపా నుంచీ అమెరికా నుంచీ వచ్చిన యువతీయువకులు, చుట్టుపక్కల తమిళ పల్లెల కూలీలు కలిసి గునపాలు దింపుతున్నారు. గట్టిపడిన ఎర్రనేల గునపానికి ఖంగుమని బదులిస్తోంది. ఎద్దులబండి మీద వచ్చిన నీళ్లు మొక్కకు ఇంతని కొలిచి పోస్తున్నారు. మేకలు మేయకుండా చుట్టూ ముళ్లకంప.

మొక్క నాటడంతోనే వాళ్ల పని తీరలేదు. అసలు కిటుకు గట్టులో ఉంది. లోయ అడుగున ఎంత పెద్ద అడ్డుకట్ట వేసినా, పైనుంచి నీరు దూకుతున్నంత కాలం లోయ పైకొస విరిగిపడుతూనే ఉంటుంది. ఏటా వెనక్కి వెనక్కి జరుగుతూ పొలాన్ని మింగుతుంది. అందుకే పని పైనుంచి మొదలైంది. పడిన చినుకు పడిన చోటే ఇంకేలా పొలం చుట్టూ మట్టిగట్లు. తప్పించుకున్న నీటిని పట్టడానికి వాగుల్లో వరసగా చెక్‌డ్యాములు. ఆ తరవాత, ఏ నేలలోనైనా మొండిగా బతికే ఆస్ట్రేలియా తుమ్మ. దాని నీడ పట్టున, ఈ తీరానికి చెందిన పొడి సతతహరిత అడవి జాతులు.

పరీక్ష మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. రాత్రి వాన దంచుతుంటే పలుగూ పారా పట్టుకుని గట్ల వెంట తిరగాలి. ఒక్కచోట గండి పడితే కింద ఉన్న గట్లన్నీ వరసగా తెగుతాయి. తెల్లారి చూస్తే వేసవి కష్టం కాస్తా ఎర్రనీళ్లయి సముద్రంలో కలిసిపోతుంది. మళ్లీ కట్టాలి. అలా కట్టారు, ఏళ్లకేళ్లు. 2011 డిసెంబరులో థానే తుపాను పెంచిన చెట్లను పెద్దఎత్తున కూల్చింది. 2024 నవంబరు చివర ఫెంగల్ తుపాను పుదుచ్చేరిలో 24 గంటల్లో 46 సెంటీమీటర్లకు పైగా కురిపించింది. 1968 నాటి బోడిమెట్ట మీద అంత వాన పడి ఉంటే ఎన్ని ఎకరాలు సముద్రం పాలయ్యేవో!

నా దృష్టిలో ఆరోవిల్ సాధించిన వాటిలో బంగారు గోళం మాతృమందిరం కన్నా ఈ మట్టిగట్లే గొప్పవి. వాటినెవరూ ఫొటో తీయరు. మోకాలెత్తు కూడా లేని గట్టు, దాని మీద గడ్డి. చూడటానికి అందులో ఏమీ లేదు, ఆ గట్టు లేకపోతే ఆ అడవీ లేదు.

ఈ వేసవిలో కెమెరా పట్టుకుని అటు వెళ్లేవాళ్లకు ఒక మాట. అడవిని కాపాడుతున్నవాళ్లను అడిగి లోపలికి వెళ్లండి. వాలు మీద బైకులు ఎక్కించి పందేలు పెట్టుకోకండి. చక్రం గాడి పడిన చోటే వచ్చే వాన దారి తీస్తుంది, కొత్త వంక అక్కడే మొదలవుతుంది. స్కూటరు రోడ్డు మీదే ఆపండి. అంచున నిలబడి సెల్ఫీ దిగకండి, కింద మట్టి డొల్లగా ఉంటుంది. లోయను తీసిన తరవాత నాలుగడుగులు పైకి నడిచి ఆ గట్టుకు కూడా ఒక ఫొటో తీయండి. మీ ఊళ్లో వాన నీటికి కోసుకుపోతున్న చేను ఉంటే, ఆ రైతుకు ఆ ఫొటో చూపించండి.