నూనెలో వేయకముందే అసలు పని
కొరియా సంప్రదాయ పిండివంటల తయారీ ఇలా..

పెనుకొండ: 2019లో పెనుకొండ సమీపాన కియా కార్ల ఉత్పత్తి ప్రారంభమయ్యాక ఈ ప్రాంతానికి కొరియావాసులు పరిచయమయ్యారు. వారి పండుగ పిండివంటల గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు. కొరియా సంప్రదాయ మిఠాయిలను హాన్‌గ్వా అంటారు. నూనెలో వేయించే వాటిలో యుగ్వా, యాక్‌గ్వా ముఖ్యమైనవి. చాంద్రమాన సంవత్సరాది సొల్లాల్, శరత్కాల పౌర్ణమి పండుగ చుసోక్, వివాహాలు, పితృకర్మలలో వీటికి ప్రత్యేక స్థానముంది.

యుగ్వా: జిగురు బియ్యాన్ని వారం రోజులు, ఒక్కోసారి అంతకు మించి నానబెడతారు. పులిసిన బియ్యాన్ని పలుమార్లు కడిగి పిండి పడతారు. అందులో బియ్యపు మద్యం కలిపి ఆవిరిపై ఉడికిస్తారు. వేడి ముద్దను రోకలితో చాలాసేపు దంచుతారు. ఇలా దంచినప్పుడు పిండిలోకి గాలి చేరుతుంది. తర్వాత పలుచగా పరచి, ముక్కలు కోసి ఆరబెడతారు. మన అరిసెలకు పిండి తడి ఆరకూడదు. యుగ్వాకు ముక్క ఆరితేనే పని. అయితే మరీ ఎండితే పొంగదు, తడి మిగిలితే ఆకారం చెడుతుంది.

ఆరిన ముక్కలను మొదట తక్కువ వేడి నూనెలో మెత్తబరుస్తారు. అనంతరం బాగా కాగిన నూనెలో వేయగానే అవి ఎన్నో రెట్లు పొంగుతాయి. పైన తేనె లేదా ధాన్యపు పాకం పూసి పేలాలు, నువ్వులు అద్దుతారు. అన్నంలో మొలకెత్తిన బార్లీ పిండి కలిపి, తీపి దిగాక వడగట్టి కాచేదే ఈ పాకం. వేలి ఆకారంలో చేస్తే గాంగ్‌జాంగ్, పలకలుగా చేస్తే సాన్జా అని పేరు.

యాక్‌గ్వా: 'యాక్' అంటే ఔషధం. తేనెను ఔషధంగా భావించడం వల్ల ఈ పేరు వచ్చిందంటారు. గోధుమపిండికి నువ్వుల నూనె పట్టించి జల్లిస్తారు. తేనె, బియ్యపు మద్యం, అల్లం రసం కలిపి, ఎక్కువగా పిసకకుండా ముద్ద చేస్తారు. పూల అచ్చుల్లో ఒత్తి, సన్నని సెగపై నిదానంగా వేయించి, అల్లం, దాల్చినచెక్క వేసిన తేనెపాకంలో నానబెడతారు. సెగ పెరిగితే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది.

నాడు నిషేధం: గోర్యో రాజ్యకాలంలో యాక్‌గ్వా వంటి తేనె పిండివంటల వాడకం మితిమీరింది. నూనె, తేనె, ధాన్యం వృథా అవుతున్నాయని 1192లో వాటిని నిషేధించి, బదులుగా పండ్లు వాడాలని ఆదేశించారు.

నేడు: ఇప్పుడు కర్మాగారాల సరకు అంగళ్లలో లభిస్తోంది. 2020 తర్వాత యాక్‌గ్వాపై అక్కడి యువతకు మళ్లీ మోజు పెరిగింది. గాంగ్‌న్యుంగ్ పరిధిలోని సాచాన్ గ్రామాల్లో మాత్రం హాన్‌గ్వా నేటికీ కుటుంబాల జీవనాధారం. యంత్రాలు వచ్చినా బియ్యం నానడానికి, ముక్క ఆరడానికి పట్టే కాలం మాత్రం పట్టాల్సిందే.